తెలుగు రాత, కంప్యూటరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు
ఒకే పుస్తకం, పద్నాలుగు ఫైళ్లు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే ఇబ్బందిని చెబుతున్నాయి: రాత పెరిగింది, ఫైలు లొంగడం లేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. కావలి నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదైంది. మిగిలినవారికి కూడా అందులోని విషయం పనికివస్తుంది కనుక దానిని ముందు చదవమని మనవి.

ప్రశ్న: నెల్లూరు, ప్రకాశం జిల్లాల చెరువుల మీద నాలుగేళ్లుగా ఒక పుస్తకం రాస్తున్నాను. ఒంగోలులో ఉంటున్న నా మిత్రుడు, నీటిపారుదల పనుల్లో జీవితమంతా గడిపిన విశ్రాంత ఇంజనీరు, కొన్ని అధ్యాయాలు రాసి పంపుతున్నారు. అంతా లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఒకే ఫైలుగా ఉంది. 620 పేజీలు, 210 ఫొటోలు అయ్యాయి. తెరవడానికే చాలాసేపు పడుతోంది. మిత్రుడు పంపిన సవరణల్లో ఏవి కలిపానో, ఏవి మరిచానో తెలియడం లేదు. అధ్యాయానికొక ఫైలు చేసుకుని, చివరకు వరుస పేజీ నంబర్లతో, ఒకే విషయసూచికతో ముద్రించుకునే మార్గం ఉందా?
– విశ్రాంత తెలుగు అధ్యాపకులు, కావలి

జవాబు: ఉంది. లిబ్రే ఆఫీస్‌లో దానిని మాస్టర్ డాక్యుమెంట్ అంటారు. అయితే ఫైలును కోయడానికి ముందు అది ఎందుకు బరువెక్కిందో చూడాలి. 620 పేజీల అక్షరాలు ఈనాటి కంప్యూటరుకు పెద్ద భారం కాదు, బరువంతా ఫొటోలదే. ఫోనుతో తీసిన ఫొటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు ఉండి మూడు నాలుగు మెగాబైట్లు తూగడం మామూలు. అటువంటివి 210 ఉంటే ఫొటోలే ఆరు వందల నుంచి ఎనిమిది వందల మెగాబైట్లు అవుతాయి. పుస్తకంలో నాలుగు అంగుళాల వెడల్పున పడే బొమ్మకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 1200 చుక్కలు చాలు. అసలు ఫొటోలను వేరే ఫోల్డరులో భద్రంగా దాచి, రైటర్‌లో ఒక్కొక్క ఫొటో మీద కుడి క్లిక్ చేసి కంప్రెస్ అనే ఆదేశంతో వాటిని తగ్గించండి. ఒక్కరే రాస్తున్న పుస్తకమైతే ఇక్కడితో ఆగిపొమ్మనే చెబుతాను, ఎందుకంటే సరైన శీర్షికలతో ఉన్న ఒక్క ఫైలును మించిన సుఖం లేదు. మీరు ఇద్దరు, వేర్వేరు ఊళ్లలో ఉండి రాస్తున్నారు. కనుక మీకు విభజన నిజంగా అవసరమే.

రెండో పని శీర్షికలు. మీరు "కంభం చెరువు" అని టైపు చేసి, దానిని బోల్డ్ చేసి, సైజు 18కి పెంచి ఉంటే, అది అధ్యాయం పేరని మీకు తెలుసు, చదివేవారికి తెలుసు, కంప్యూటరుకు మాత్రం తెలియదు. దాని దృష్టిలో అది లావుపాటి అక్షరాలున్న ఒక మామూలు పేరా. ఆ పేరాలో కర్సరు ఉంచి కంట్రోల్, 1 కలిపి నొక్కితే హెడింగ్ 1 అనే స్టైలు, అంటే పేరాకు రూపాన్నీ హోదానూ కలిపి ఇచ్చే మూస, పడుతుంది. అప్పుడే అది అధ్యాయం అవుతుంది. ఉపశీర్షికలకు కంట్రోల్, 2. ఇది పూర్తయ్యాక ఎఫ్5 నొక్కండి. నావిగేటర్ అనే చిన్న కిటికీ తెరుచుకుని, మీ పుస్తకం అస్థిపంజరాన్ని చూపిస్తుంది. పద్నాలుగు అధ్యాయాలూ అక్కడ వరుసగా కనిపించేదాకా తరువాతి అడుగు వేయవద్దు. నా దగ్గరకు వచ్చే విభజన కష్టాలలో చాలావాటికి మూలం ఈ ఒక్క పనిని దాటవేయడమే.

మూడో విషయం ఎక్కడ కోయాలన్నది. మీ ఉత్తరాన్ని బట్టి నెల్లూరు జిల్లా ఒక భాగం, ప్రకాశం జిల్లా ఒక భాగం అనుకున్నట్టు తోస్తోంది. మరొకసారి ఆలోచించమని కోరుతున్నాను. కందుకూరు ప్రాంతం 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అందులోకి వెళ్లింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. కంభం చెరువు 1970కి ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. జిల్లాల ప్రకారం ఫైళ్లు చేస్తే, సరిహద్దు మారినప్పుడల్లా మీరు ఒక అధ్యాయాన్ని ఊడదీసి మరో చోట తగిలించాలి. నది మారదు. పెన్న కింద సోమశిల, సంగం, నెల్లూరు ఆనకట్టలు, కనిగిరి రిజర్వాయరు; మన్నేరు కింద మోపాడు, రాళ్లపాడు; గుండ్లకమ్మ కింద కంభం – ఇలా నదిని పట్టుకుని విభజిస్తే ఫైళ్ల పేర్లు పదేళ్ల తరువాత కూడా అలాగే నిలుస్తాయి, నీటి కథ కూడా ఎగువ నుంచి దిగువకు తెగకుండా సాగుతుంది. ఫైలు పేరుకు ముందు 10, 20, 30 అని పదుల అంకెలు వేసుకోండి. రేపు మధ్యలో ఒక అధ్యాయం పుట్టుకొస్తే 25 అని పెట్టుకోవచ్చు, మిగతావాటి పేర్లు మార్చనక్కరలేదు.

ఇప్పుడు కోత. ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవులో దాచండి. ఒక కొత్త ఫోల్డరు చేసి, అందులో ఉంచిన మరో నకలును తెరిచి, ఫైల్ మెనూలో సెండ్, దాని కింద క్రియేట్ మాస్టర్ డాక్యుమెంట్ ఎంచుకోండి. ఎక్కడ విడదీయాలని అడిగినప్పుడు మొదటి స్థాయి శీర్షికను చూపండి. రైటరు ప్రతి హెడింగ్ 1 దగ్గరా కోసి, అధ్యాయానికొక ఓడీటీ ఫైలు, వాటన్నిటినీ వరుసగా పిలిచే ఓడీఎమ్ ఫైలు ఒకటి తయారుచేస్తుంది. ఈ అధ్యాయాల ఫైళ్లకు తనకు తోచిన వరుస అంకెలు వేస్తుంది. మీకు కావలసిన పేర్లు పెట్టుకోవాలంటే ఈ దశలోనే పెట్టుకుని, మాస్టర్ నావిగేటర్‌లో పాత అంశాలను తీసివేసి, ఇన్సర్ట్ ఆదేశంతో కొత్త పేర్లున్న ఫైళ్లను మళ్లీ వరుసగా చేర్చండి.

మాస్టర్ ఫైలు స్వభావాన్ని మీ పుస్తకం మాటల్లోనే చెప్పవచ్చు. గొలుసుకట్టు చెరువుల పటం గీసి గోడకు తగిలించామనుకోండి. ఏ అలుగు నుంచి ఏ చెరువుకు నీరు పోతుందో పటంలో ఉంటుంది గాని నీళ్లు పటంలో ఉండవు. అలాగే మాస్టర్ ఫైలులో అధ్యాయాల చిరునామాలు, వాటి వరుస ఉంటాయి. రాతంతా అధ్యాయాల ఫైళ్లలోనే ఉంటుంది. అందుకే మాస్టర్‌లో కనిపిస్తున్న అధ్యాయంలో అక్షరం దిద్దాలని చూస్తే రైటరు ఒప్పుకోదు. నావిగేటర్‌లో ఆ అధ్యాయం పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అసలు ఫైలు తెరుచుకుంటుంది. దిద్ది, సేవ్ చేసి, మాస్టర్‌కు తిరిగివచ్చి, నావిగేటర్‌లోని అప్‌డేట్ గుర్తు నొక్కితే సవరణ అక్కడా కనిపిస్తుంది. మాస్టర్ తెరిచినప్పుడల్లా లింకులను తాజా చేయాలా అని అడుగుతుంది, చేయమనండి. అధ్యాయాన్ని ముందుకు, వెనక్కు జరపడం కూడా నావిగేటర్‌లోనే. విషయసూచికను మాత్రం అధ్యాయాల్లో కాక మాస్టర్‌లోనే చేర్చాలి. పద్నాలుగు ఫైళ్ల శీర్షికలనూ వరుస పేజీ నంబర్లతో అది ఏరుకుంటుంది. ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలుకావాలంటే హెడింగ్ 1 స్టైలులోనే, టెక్స్ట్ ఫ్లో అనే చోట, ముందు పేజీ విరుపు పెట్టండి. ఎంటర్ మీట పదిసార్లు నొక్కి పేజీ దాటించిన చోట్లన్నీ మాస్టర్‌లో చెల్లాచెదురవుతాయి.

ఒక అధ్యాయం నుంచి మరో అధ్యాయానికి పాఠకుణ్ణి పంపే వాక్యాలు మీ పుస్తకంలో తప్పక ఉంటాయి. కంభం అధ్యాయంలో "సంగం ఆనకట్ట తూముల గురించి ఫలానా పేజీ చూడండి" అని రాయాలనుకుందాం. అంకెను చేత్తో టైపు చేస్తే, పెన్న అధ్యాయంలో నాలుగు పేరాలు పెరిగిన రోజున అది అబద్ధమవుతుంది. పెన్న ఫైలులో ఆ తూముల పేరా దగ్గర ఇన్సర్ట్ మెనూలోని క్రాస్ రిఫరెన్స్ తెరిచి, సెట్ రిఫరెన్స్ ఎంచుకుని, ఆ చోటుకు ఒక పేరు పెట్టండి. కంభం ఉన్న గుండ్లకమ్మ ఫైలులో అదే కిటికీ తెరిచి, అదే పేరును ఒక్క అక్షరం తేడా లేకుండా టైపు చేసి, పేజీ నంబరు అడగండి. వెంటనే అక్కడ సూచించిన చోటు దొరకలేదన్న తప్పు సందేశం పడుతుంది. భయపడి దానిని చెరిపివేయకండి. ఆ ఫైలు ఒంటరిగా ఉన్నంతకాలం పెన్న అధ్యాయం దానికి తెలియదు. మాస్టర్‌లో తాజా చేయగానే సరైన అంకె వచ్చి కూర్చుంటుంది. ఈ పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒంగోలు మిత్రునికి కూడా ఒక ప్రతి పంపండి. "కనిగిరి" అని మాత్రం పేరు పెట్టవద్దు: మీ పుస్తకంలో ప్రకాశం వైపు కనిగిరి ఊరు ఉంది, సంగం నుంచి నీరందుకునే కనిగిరి రిజర్వాయరు నెల్లూరు వైపు ఉంది. పదసూచికలోనూ ఇవి రెండు వేర్వేరు అంశాలుగా ఉండాలి, లేకపోతే చదివేవారు ఒక జిల్లా వెతుకుతూ మరో జిల్లాలో తేలతారు.

స్టైళ్ల గురించి ఒక్క మాట. అధ్యాయంలో ఒక రకంగా, మాస్టర్‌లో మరో రకంగా ఒకే పేరున్న స్టైలు ఉంటే, మాస్టర్‌లో చూసేటప్పుడు, ముద్రించేటప్పుడు మాస్టర్ మాటే చెల్లుతుంది. మీరు, మీ మిత్రుడు ఒకే టెంప్లేటు (స్టైళ్లన్నీ ముందే అమర్చి ఉంచిన నమూనా ఫైలు) నుంచి మొదలుపెడితే ఈ తేడా రానే రాదు.

ఇక ఇద్దరి మధ్య కట్టుబాటు: ఒక అధ్యాయం ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆయన గుండ్లకమ్మ ఫైలు రాస్తున్నన్నాళ్లు మీరు దానిని తెరిచి చదవండి, దిద్దకండి. సవరణలు ఎక్కడ కలిశాయో తెలియని ఇబ్బందికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

ప్రశ్న: మాస్టర్ డాక్యుమెంట్ చేసుకుని వాడుతున్నాను. అచ్చు కోసం ఓడీఎమ్ ఫైలును పెన్‌డ్రైవులో ప్రెస్సుకు తీసుకువెళితే, అక్కడి కంప్యూటరులో అధ్యాయాలు ఏవీ రాలేదు. నా ఇంట్లో అన్నీ ఉన్నాయి. ఏం పోయినట్టు?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: ఏమీ పోలేదు. పై జవాబులో చెప్పినట్టు మాస్టర్‌లో ఉన్నవి చిరునామాలు. మీరు చిరునామాల కాగితం మాత్రమే తీసుకువెళ్లారు. ఫోల్డరు మొత్తాన్నీ కాపీ చేయాలి. ఆ చిరునామాలు కూడా "ఈ ఫోల్డరులోనే ఉన్న ఫలానా ఫైలు" అన్న పద్ధతిలో ఉండాలి గాని "ఫలానా డ్రైవులో ఫలానా వారి డాక్యుమెంట్లలో" అన్నట్టు ఉండకూడదు. టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో లోడ్ అండ్ సేవ్, జనరల్ అనే పేజీలో చిరునామాలను ఫైళ్లున్న చోటును బట్టి సాపేక్షంగా దాచమనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ టిక్కు ఉందో లేదో చూసుకోండి. మాస్టర్, అధ్యాయాలు, లింకు చేసిన ఫొటోలు ఒకే ఫోల్డరు గడప దాటకుండా ఉంచుకుంటే ఈ బెడద ఉండదు.

ఒకసారి నేను అచ్చుకు రెండు రోజుల ముందు, చక్కగా ఉంటుందని అధ్యాయాల ఫైళ్ల పేర్లు మార్చాను. మాస్టర్ తెరిస్తే పదకొండు అధ్యాయాలలో ఒక్కటీ లేదు. పోయాయనుకుని ఆ రాత్రంతా పాత నకళ్లు వెతికాను. తెల్లవారాక గాని, ఫైళ్లన్నీ కళ్ల ముందే కొత్త పేర్లతో ఉన్నాయని తట్టలేదు. లింకుకు పేరే ప్రాణం. ఇక ప్రెస్సుకు నిజంగా ఇవ్వవలసింది ఓడీఎమ్ కాదు, మాస్టర్ నుంచి తీసిన పీడీఎఫ్. అందులో అక్షరాలు, బొమ్మలు, ఫాంట్లు అన్నీ కలిసే వెళతాయి.

ప్రశ్న: హెడింగ్ స్టైలులో ఫాంటు మార్చి, సైజు 20 పెట్టాను. ఇంగ్లిషు మాటలు పెరిగాయి, తెలుగు మాత్రం కదలలేదు.
– ఉపాధ్యాయిని, దర్శి

జవాబు: రైటరు, వర్డ్ రెండూ తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో లెక్కవేస్తాయి. గుణింతాలు, వత్తులు పక్కపక్కన పేర్చితే చాలదు, ఒకదానిపై ఒకటి, ఒకదాని కింద ఒకటి కూర్చాలి కనుక ఆ వర్గం వచ్చింది. ప్రతి స్టైలులోనూ ఇంగ్లిషుకు ఒక ఫాంటు, ఒక సైజు, ఈ లిపులకు వేరే ఫాంటు, వేరే సైజు ఉంటాయి. మీరు మొదటిదాన్ని మార్చారు. రైటర్‌లో టూల్స్, ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ గడిలో టిక్కు పెడితే, స్టైలు కిటికీలో దాని కోసం ప్రత్యేకమైన చోటు కనిపిస్తుంది. వర్డ్‌లో స్టైలును మాడిఫై చేసేటప్పుడు ఫార్మాట్, ఫాంట్ తెరిస్తే కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే భాగం ఉంటుంది. అక్కడ మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటి యూనికోడ్ (ప్రతి లిపి అక్షరాలకూ సొంత స్థానాలిచ్చే ప్రమాణం) ఫాంటును, మీకు కావలసిన సైజును పెట్టండి. ఈ సంగతి తెలియక శీర్షికలను ఒక్కొక్కటిగా చేత్తో పెంచుకుంటూ పోయినవారు ఎందరో. అలా చేత్తో చేసినది స్టైలు మాట వినదు, తరువాత అన్నిటినీ ఒకేసారి మార్చే వీలు పోతుంది.

ప్రశ్న: పరిశోధన విద్యార్థిని. థీసిస్ వర్డ్‌లో రాస్తున్నాను. మా మార్గదర్శి అధ్యాయాలను విడివిడిగా చూసి, పక్కన వ్యాఖ్యలు రాసి పంపుతారు. కనుక ఆరు ఫైళ్లు ఉన్నాయి. ప్రతి ఫైలులోనూ పట్టికలు 1 నుంచి మొదలవుతున్నాయి. వర్డ్‌లోని మాస్టర్ డాక్యుమెంట్‌తో వీటిని కలపవచ్చునా?
– నెల్లూరు

జవాబు: వర్డ్‌లో ఆ సదుపాయం ఉంది. వ్యూ మెనూలో అవుట్‌లైన్ చూపుకు వెళ్లి షో డాక్యుమెంట్ నొక్కితే దాని ఆదేశాలు కనిపిస్తాయి. అయినా థీసిస్ వంటి, పోతే మళ్లీ రాయలేని దానికి దానిని వాడమని నేను చెప్పలేను. రైటర్‌లో మాస్టర్ నుంచి అధ్యాయాన్ని దిద్దనివ్వదు. వర్డ్‌లో మాస్టర్‌ను విప్పి టైపు చేసినది నేరుగా అధ్యాయం ఫైలులోకి వెళుతుంది. అక్కడ అంకెల వరుసలో, స్టైళ్లలో ఒక చిక్కు పడితే అది మిగిలిన ఫైళ్లకూ పాకుతుంది. వర్డ్‌ను ఏళ్ల తరబడి వాడినవారు దీనికి దూరంగా ఉండమని చెప్పేది ఇందుకే.

మీకు ఇంతకంటే నమ్మకమైన దారి ఉంది. ఆరు ఫైళ్లూ ఒకే టెంప్లేటు నుంచి పుట్టాలి. హెడింగ్ 1కి మల్టీలెవెల్ లిస్టులో అంకె కట్టండి. నాలుగో అధ్యాయం ఫైలులో ఆ అంకె మీద కుడి క్లిక్ చేసి, సెట్ నంబరింగ్ వాల్యూ దగ్గర 4 ఇవ్వండి. పట్టిక పేరును చేత్తో టైపు చేయకుండా రిఫరెన్సెస్‌లోని ఇన్సర్ట్ క్యాప్షన్‌తో పెట్టి, అందులో అధ్యాయం అంకెను చేర్చమనండి. అప్పుడు అది పట్టిక 4.1 అవుతుంది, మీ మార్గదర్శి దానిని విడిగా చదివినా సరైన అంకే కనబడుతుంది. వేరే అధ్యాయంలోని పట్టికను ప్రస్తావించవలసి వచ్చిన చోట ప్రస్తుతానికి రెండు నక్షత్రం గుర్తులు, పట్టిక పేరు రాసి వదిలేయండి, ఎందుకంటే వర్డ్‌లోని క్రాస్ రిఫరెన్స్ కిటికీ తెరిచి ఉన్న ఫైలులోని వాటినే చూపిస్తుంది.

వ్యాఖ్యలన్నీ పరిష్కరించి, సవరణలన్నీ ఆమోదించాక, టెంప్లేటు నుంచి ఒక కొత్త ఫైలు తెరవండి. ఇన్సర్ట్‌లో ఆబ్జెక్ట్ పక్కనున్న బాణం నొక్కి, టెక్స్ట్ ఫ్రమ్ ఫైల్ ద్వారా ఆరు అధ్యాయాలనూ ఒక్కొక్కటిగా, వరుసగా తెచ్చుకోండి. మీరు ఇచ్చిన 4, 5 వంటి ఆరంభపు అంకెలను ఇప్పుడు తొలగించి, ముందుదానికి కొనసాగింపుగా మార్చండి. తరువాత రెండు నక్షత్రాలను వెతుకుతూ పోయి, ఒక్కొక్క చోటా అసలైన క్రాస్ రిఫరెన్స్ పెట్టండి. చివరగా కంట్రోల్, ఎ నొక్కి, ఆపై ఎఫ్9 నొక్కితే అంకెలు, విషయసూచిక తాజా అవుతాయి. పాదసూచికలలో పెట్టిన రిఫరెన్సులకు ఇది అందదు; పాదసూచికల్లో కర్సరు ఉంచి ఇదే పని మరోసారి చేయాలి. సమర్పించే ముందు రాత్రి చాలామంది మరిచేది ఇదే.

ప్రశ్న: మా డీటీపీ సెంటరులో పాతికేళ్ల నాటి పేజ్‌మేకర్ ఫైళ్లు తొమ్మిది ఉన్నాయి, ఒక గుడి స్థలచరిత్రవి. అను ఫాంట్లలో చేసినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, కొత్తగా ఒకే పుస్తకంగా చేసి ఇమ్మంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒంగోలు

జవాబు: తొమ్మిదింటినీ కలిపిన తరువాత మార్చుదామనుకోవద్దు; విడిగా ఉన్నప్పుడే, ఒక్కొక్కటిగా మార్చండి. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లిషు అక్షరాల స్థానాలలో దాగి ఉంటుంది. ఫాంటు తీసేస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు మిగులుతాయి. యూనికోడ్‌లో 1991 నాటి తొలి కూర్పు నుంచి తెలుగుకు సొంత స్థానాలున్నాయి. మార్పిడి సాధనం ఏదైనా ఆ గుర్తులను ఈ స్థానాలకు తర్జుమా చేస్తుంది. మధ్యలో నిజంగానే ఇంగ్లిషులో ఉన్న మాటలు, అంకెలు ఉంటే వాటినీ తెలుగనుకుని గందరగోళపు అక్షరాలుగా మార్చవచ్చు. కనుక అటువంటి మాటలను ముందే ఒక కాగితం మీద రాసుకోండి. మార్చాక పాత అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని, ర వత్తు, క్ష, ఱ, పొల్లు అక్షరాలు, కొటేషన్ గుర్తులు ఉన్న చోట్లను ప్రత్యేకంగా సరిచూడండి. శాసన పాఠాలు ఉన్న పేజీలను మాత్రం ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు చూడాలి. శాసనంలో అక్షరం మారితే మాట మారుతుంది, మాట మారితే చరిత్ర మారుతుంది. స్థలచరిత్ర కోసం మీ దగ్గరకు వచ్చినవారికి మనం చేయగలిగిన న్యాయం అంతా ఆ సరిచూపులోనే ఉంది.

కూర్పు కోసం మీకు ఇన్‌డిజైన్ అనే పేజీ కూర్పు ప్రోగ్రాము అందుబాటులో ఉంటే అందులో బుక్ అనే ఏర్పాటు ఉంది. పేజ్‌మేకర్‌లో కూడా ఆ పేరుతోనే ఉండేది, కనుక మీకు కొత్త కాదు. తొమ్మిది ఫైళ్లనూ బుక్ ప్యానెల్‌లోకి చేర్చి, వాటిలో ఒకదానిని స్టైళ్లకు మూలంగా గుర్తించి, సింక్రొనైజ్ చేస్తే అన్నిటి స్టైళ్లూ ఒక్కటవుతాయి. పేజీ నంబర్లు ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు కొనసాగుతాయి. విషయసూచిక తొమ్మిదింటికీ ఒకటే వస్తుంది. పేరా స్టైలులో కంపోజరుగా వరల్డ్ రెడీ అని ఉన్నదానినే ఎంచుకోండి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, పొరపాటు ఫాంటుదని అనుకుని ఫాంట్లు మారుస్తూ రోజంతా గడిచిపోతుంది.

ప్రశ్న: నాకు కంప్యూటరు లేదు. ఫోనులో గూగుల్ డాక్స్‌లో నవల రాస్తున్నాను. ఇవేవీ నాకు కుదరవా?
– అద్దంకి

జవాబు: కుదురుతాయి, ఇంకాస్త తేలికగానే. గూగుల్ డాక్స్‌లో 2024 నుంచి ట్యాబులు వచ్చాయి. ఒకే డాక్యుమెంటులో ప్రకరణానికొక ట్యాబు పెట్టి, ఒకదాని నుంచి మరొకదానికి లింకు ఇవ్వవచ్చు. ఫైళ్లు విడిగా ఉండవు కనుక చిరునామా తెగే భయం లేదు. ఒక డాక్యుమెంటుకు 10 లక్షల 20 వేల అక్షరాల పరిమితి ఉంది. అక్షరమంటే మనం చదివే అక్షరం కాదు. "స్త్రీ" అన్నది మన కంటికి ఒకే అక్షరం. దాని లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం – మొత్తం ఆరు. అందువల్ల తెలుగు నవల ఆ హద్దును మీరు అనుకున్నదానికంటే ముందే చేరుతుంది. ఇప్పటికి ఎంత రాశారో వర్డ్ కౌంట్ ఆదేశంలోని అక్షరాల సంఖ్యలో చూసుకోండి. ఏడెనిమిది లక్షలు దాటితే రెండో భాగాన్ని కొత్త డాక్యుమెంటులో మొదలుపెట్టి, మొదటిదాని చివర దానికి లింకు పెట్టండి.